అమ్మ దారం రీళ్ల ట్యాంకులు, నానమ్మ వడిసెల

ప్రశ్న: 1970, 80లలో పిల్లలు ఆడుకున్న యుద్ధపు బొమ్మలు, అంటే తుపాకులు, ట్యాంకులు, విల్లంబులు, మీకు గుర్తున్నాయా? అలాంటివి ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయా? యుద్ధపు బొమ్మలను తలచుకుని మురిసిపోవడం తప్పంటారా?

బొమ్మలే కాదు, వాటి వాసనలు కూడా గుర్తున్నాయి. నేను 1978లో వరంగల్‌లో పుట్టాను. మా బాపు ఆజంజాహి మిల్లులో నూలు వడికే ఖాతాలో పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో కుట్టు మిషన్ మీద వాడకట్టు ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. నా యుద్ధ సామగ్రిలో ఎక్కువ భాగం ఈ ఇద్దరి పనిలోంచి, మా నానమ్మ చేతిలోంచి వచ్చింది. దుకాణంలో కొన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకని ఎక్కడ దొరుకుతాయంటే సగం బొమ్మలకు నా దగ్గర చిరునామా లేదు. ఎలా తయారయ్యేవో మాత్రం చెప్పగలను.

ముందు ట్యాంకు సంగతి చెబుతాను, నాకు అన్నిటికంటే ప్రాణం అదే కాబట్టి.

అప్పట్లో కుట్టు దారం చెక్క రీళ్లకు చుట్టి వచ్చేది. రెండు వైపులా అంచులు లేచి, నడుము సన్నగా, మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరికి రంధ్రం ఉండేది. దారం ఉన్నంతవరకు ఆ రీలు అమ్మది, అయిపోగానే నాది. ఎరుపు, నలుపు, తెలుపు రీళ్లు తొందరగా ఖాళీ అయ్యేవి. ముదురు ఆకుపచ్చ రీలు ఒకటి మాత్రం నెలల తరబడి మిషన్ సొరుగులోనే ఉండిపోయింది. ఆకుపచ్చ జాకెట్టు ముక్క పట్టుకుని ఎవరైనా వస్తారేమోనని గడప మీద కూర్చుని దారి చూసిన రోజులున్నాయి. బతుకమ్మ పండుగకు ముందు పదిహేను రోజులు అమ్మకు తిండీ నిద్రా ఉండేవి కావు. అర్ధరాత్రి దాకా మిషన్ తొక్కుతూనే ఉండేది. ఆ పదిహేను రోజుల్లో రీళ్లు వరసగా ఖాళీ అయ్యేవి. అందుకే ఏటా దసరా నాటికి మా గల్లీలో నా దగ్గరే ఎక్కువ ట్యాంకులు ఉండేవి.

చేయడం చూడటానికి సులువు. రీలు అంచుల చుట్టూ చాకుతో చిన్న చిన్న పళ్లు కోయాలి, నేల మీద పట్టు దొరకడానికి. రంధ్రంలోంచి రబ్బరు బ్యాండు దూర్చాలి. ఒక వైపు బయటికి వచ్చిన కొసలో చిన్న అగ్గిపుల్ల ముక్క పెట్టి, అది తిరగకుండా పక్కన ఒక గుండుసూది గుచ్చాలి. రెండో వైపు కొవ్వొత్తి బిళ్ల. కొవ్వొత్తిని అర అంగుళం మందాన కోసి, నడిమి వత్తి లాగేస్తే దానంతట అదే చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి రబ్బరు బయటికి లాగి, అందులో జానెడు వెదురు పుల్ల దూర్చాలి. ఇక పుల్లను గిరగిరా తిప్పి రబ్బరుకు మెలి ఎక్కించి నేల మీద పెడితే, పుల్ల నేలకు ఆనుకుని ఆగిపోతుంది, తిరగాల్సిన రీలు తిరుగుతుంది. మెలి విడుతున్న కొద్దీ ట్యాంకు మెల్లగా, ఏ తొందరా లేకుండా ముందుకు పాకుతుంది.

కిటుకంతా కొవ్వొత్తి బిళ్లలో ఉంది. అది లేకపోతే పుల్ల చెక్కకు రాసుకుని, రీలు ఒకసారి బిగుసుకుపోతుంది, ఒకసారి గుప్పున దూకుతుంది. మైనం ఉంటే జారుడు సమంగా ఉండి నడక కుదురుగా ఉంటుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మొదట సబ్బు ముక్క పెట్టి చూశాను, రెండు రోజులకే అది ఎండి పగిలిపోయింది. కరెంటు పోయిన రాత్రి చేతికి అందిన కొవ్వొత్తితో ప్రయత్నిస్తే కుదిరింది. లాంతరు వెలుగులో ఆ ట్యాంకు మా అన్నయ్య తెలుగు వాచకం అట్ట మీదికి పాకి, అవతలి వైపు దిగడం ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. బాపు ఏమీ అనలేదు. వంగి ట్యాంకును చేతిలోకి తీసుకుని, పుల్లను తనే మళ్లీ తిప్పి వదిలాడు. రోజంతా వేల కదుళ్ల మధ్య నిలబడి వచ్చే మనిషి, చిన్న చెక్క రీలు తిరగడాన్ని అంతసేపు ఎందుకు చూశాడో అప్పుడు నాకు తెలియలేదు.

నాలుగైదేళ్ల తర్వాత హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ కట్ట దగ్గర, పాకిస్తాన్ సైన్యం నుంచి పట్టుకుని తెచ్చిన ప్యాటన్ ట్యాంకును చూశాను. నలభై టన్నులకు పైగా బరువుండే ఇనుప ముద్ద. అందరూ దాని ఫిరంగిని చూస్తుంటే నేను వంగి దాని గొలుసు పట్టాను చూశాను. పట్టా మీద వరసగా గట్లు. నా రీలుకు చాకుతో కోసిన పళ్ల పనే అవీ చేస్తున్నాయి. నా బొమ్మ ఉత్త బొమ్మ కాదని నాకు ఆరోజు గట్టిగా అనిపించింది.

ఫిరంగులు బాపు తెచ్చేవాడు. మిల్లులో పగిలి పక్కన పడేసిన చెక్క కండెలు పొయ్యిలోకి పనికొస్తాయని అప్పుడప్పుడు ఇంటికి వచ్చేవి. పొడుగ్గా, ఒక చివర లావుగా, మరో చివర సన్నగా, లోపల బోలుగా ఉండేవి. నూనె పట్టిన నున్నని చెక్క, దాని మీద నూలు రాసుకున్న సన్నని గీతలు. రెండు ఇటుకల మధ్య ఏటవాలుగా పెడితే అచ్చం ఫిరంగే. గుండు పేలేది కాదు, నోటితో "ధాం" అనుకోవాల్సిందే. మిల్లు మూతబడ్డాక ఆ కండెలు ఇక రాలేదు. ఆనాడు పొయ్యిలో పెట్టకుండా దాచిన ఒక కండె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దానికి బొమ్మ అనే పేరు చాలదు. బాపు చేయి తగిలిన వస్తువు అది.

కొన్న వాటిలో మొదటిది ఐనవోలు మల్లన్న జాతరలో దొరికింది. సంక్రాంతికి జాతర మొదలవుతుంది. ఒగ్గు పూజారులు పట్నాలు, అంటే మల్లన్న ముందు రంగుల ముగ్గులు, వేస్తుంటే పెద్దవాళ్లంతా అటు, పిల్లలంతా బొమ్మల దుకాణాల దగ్గర. నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మ అక్కడ రేకు తుపాకి కొనిపెట్టింది. మీట నొక్కితే లోపల చిన్న చక్రం చెకుముకి రాయికి రాసుకుని, ఎర్ర గాజు కాగితం వెనక నిప్పురవ్వలు లేచేవి. చప్పుడు "గర్ గర్" అని ఉండేది. చీకట్లో అయితే ఆ ఎర్రటి మెరుపు చూడటానికి రెండు కళ్లు చాలవు. కొన్నాళ్లకు అతుకు ఊడి రేకు విచ్చుకుంది. లోపలి వైపు చూస్తే ఏదో నూనె డబ్బా మీది అక్షరాలు, సగం పువ్వు బొమ్మ. పాత డబ్బాను కోసి, తిరగేసి, రంగు వేసి తుపాకి చేశారన్నమాట. నాకు అది మోసంలా అనిపించలేదు. ఒక డబ్బా తుపాకి అయిందంటే, ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా ఏదో ఒకటి కాగలదని అనిపించింది.

ఆ తుపాకితో ముడిపడిన మరో జ్ఞాపకం ఉంది. ఉత్తర తెలంగాణలో ఆ రోజుల్లో పెరిగిన వాళ్లకు చెప్పకపోయినా అర్థమవుతుంది. ఒకసారి కరీంనగర్ వైపు చుట్టాల ఇంటికి వెళ్లి రాత్రి బస్సులో తిరిగి వస్తున్నాం. తుపాకి నా ఒళ్లో ఉంది. దారిలో బస్సు ఆగింది, టార్చిలైట్లతో పోలీసులు తనిఖీకి ఎక్కారు. అమ్మ మాట్లాడకుండా నా ఒళ్లోంచి దాన్ని లాగి, సకినాల డబ్బా ఉన్న సంచిలో అడుగున తోసి, పైన చీర కప్పింది. ఎవరూ ఆ సంచి తెరవలేదు. అయినా వరంగల్ వచ్చేదాకా అమ్మ చేయి దాని మీదే ఉంది. ఇంటికి రాగానే తుపాకి అటక ఎక్కింది. మళ్లీ దీపావళికి గానీ దిగలేదు. మా గల్లీలో దొంగా పోలీసు ఆట ఎప్పుడో అన్నల, అంటే నక్సలైట్ల, పోలీసుల ఆటగా మారిపోయింది. ఆ ఆట పేరు పెద్దవాళ్ల ముందు గట్టిగా అనకూడదని మాకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. రేకు తుపాకి మీద నాకున్న మమకారంలో ఆ భయం కూడా కలిసే ఉంది. దాన్ని విడదీసి చెప్పలేను.

దీపావళి పిస్తోలు, ఎర్ర కాగితపు రీళ్లు అందరికీ తెలిసినవే. పొటాషియం క్లోరేటు, ఎర్ర భాస్వరం కలిసిన చుక్క మీద సుత్తి దెబ్బ పడగానే పేలుతుంది. ఆ పొగ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నా వయసు సగానికి సగం తగ్గిపోతుంది. కానీ నాలుగు రీళ్ల మందును గోటితో గీకి ఒకచోట పోగుచేస్తే ఏమవుతుందో మా చిన్నాయన కొడుకు చేతి మీద మచ్చ చెబుతుంది. ఆ పని పిల్లలను పొరపాటున కూడా చేయనివ్వకండి.

విల్లంబుల కాలం వేరు. 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మహాభారతం ధారావాహిక మొదలైంది. 1990 జూన్ దాకా ప్రతి ఆదివారం అది అయిపోయిన పది నిమిషాలకు మా గల్లీ కురుక్షేత్రమే. వెదురు బద్ద విల్లు, కందికట్టె బాణం. అర్జునుడి కోసం కొట్లాట ఉంటుందనుకుంటారు గానీ మా దగ్గర కర్ణుడి కోసం ఉండేది. ఒక బాణం ఒక పిల్లవాడి కనుబొమ్మకు తగిలాక, కొసకు గుడ్డ చుట్టని బాణం ఎవరు తెచ్చినా ఆటలోంచి తీసేయాలని మేమే కట్టుబాటు పెట్టుకున్నాం.

ఇంత సామగ్రితో యుద్ధం ఎక్కడ చేసేవాళ్లం? సెలవు రోజుల్లో ఖిలా వరంగల్‌లో. ఇంతటి భాగ్యం ఎంతమంది పిల్లలకు దక్కుతుంది చెప్పండి! కాకతీయుల కోట. లోపల ఊరుంది, పొలాలున్నాయి, కీర్తి తోరణాలున్నాయి. చుట్టూ రాతికోట, దాని చుట్టూ అగడ్త, ఆ బయట మట్టికోట. రాతిగోడకు లోపలి వైపు పొడవునా మెట్లు. సైనికులు ఎక్కడ నిలబడితే అక్కడి నుంచే పైకి పరుగెత్తాలని అలా కట్టారు. మేమూ అలాగే పరుగెత్తేవాళ్లం. ఒక జట్టు లోపల, ఒక జట్టు బయట. బయటి జట్టు ప్రతిసారీ ఓడిపోయేది. ఎందుకో తెలియడానికి రెండు వేసవులు పట్టింది. ద్వారంలోకి నేరుగా దూసుకుపోదామంటే దారి నేరుగా లేదు. లోపలికి రాగానే గోడ అడ్డం వస్తుంది, పక్కకు తిరగాలి, మళ్లీ తిరగాలి. తిరిగే చోట వేగం చస్తుంది. అప్పుడు పైనున్న వాళ్లు మన మీద ఎండిన మట్టిపెళ్లలు కురిపిస్తారు. శత్రువు గుర్రాలనూ ఏనుగులనూ ఆపడానికి గణపతిదేవుడు, రుద్రమదేవి కాలంలో వేసిన మలుపులు ఏడు వందల ఏళ్ల తర్వాత మమ్మల్నీ ఆపాయి. బళ్లో చదివిన కాకతీయుల పాఠం నాకు ఒంటపట్టింది ఆ మలుపు దగ్గరే.

1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ సేన ముట్టడిని వర్ణిస్తూ కవి అమీర్ ఖుస్రో ఈ మట్టికోట గురించి ఒక మాట రాశాడు. ఉక్కు బల్లెం కూడా దిగదట, యంత్రాలతో విసిరిన రాయి తగిలినా పిల్లలు ఆడుకునే కాయలాగా వెనక్కి ఎగిరి పడుతుందట. పెద్దయ్యాక ఈ మాట తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది. అంత పెద్ద ముట్టడిని చెప్పడానికి ఆ కవికి గుర్తుకొచ్చింది పిల్లల ఆట!

ఇక మీ ప్రశ్నలో చివరి మాట, తప్పా అన్నది. దానికి నా దగ్గరున్న జవాబు మా నానమ్మ.

నానమ్మ పుట్టిన ఊరు మద్దూరు వైపు. బైరాన్‌పల్లికి దగ్గర. జొన్నచేను కంకి వేసినప్పుడు మంచె మీద నిలబడి రామచిలుకలను, పిచ్చుకలను తోలిన మనిషి. వడిసెల ఆమె స్వయంగా అల్లేది. గోగునార పురి పెట్టి రెండు తాళ్లు, నడుమ రాయి పట్టేందుకు అరచేతి వెడల్పున జాలీ అల్లిక. ఒక తాడు కొసకు ఉచ్చు ఉంటుంది, అది వేలికి తొడుక్కోవాలి. రెండో కొస బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. తల మీద రెండు చుట్లు తిప్పి, సరిగ్గా ఆ ఒడుపులో వదిలేయాలి. రాయి కనబడదు, "సుయ్" మని శబ్దం మాత్రం వినబడుతుంది. అరవై ఏళ్ల వయసులో నానమ్మ చెరువు కట్ట మీద నిలబడి విసిరితే రాయి నీళ్ల నడుమ పడింది. నేను విసిరింది నా వెనకే పడింది. "రాయిని నువ్వు విసరొద్దు బిడ్డా, తాడు విసురుతుంది. నువ్వు వదిలిపెట్టు, చాలు" అంది. వారం రోజులు పట్టింది ఆ వదలడం రావడానికి.

వడిసెల నేర్పిన నానమ్మే, రేకు తుపాకిని నేను తమ్ముడి వైపు గురిపెట్టినప్పుడు నా చేయి పట్టుకుని కిందికి దించింది. కొట్టలేదు, తిట్టలేదు. "మనిషి మీదికి ఎత్తవద్దు" అంది. బొమ్మదే కదా నానమ్మా అంటే, "చేతికి తెలియదు బిడ్డా, అది బొమ్మదో నిజందో" అంది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు బైరాన్‌పల్లి మీద పడ్డాయి. అంతకుముందు వచ్చిన దాడులను ఊరివాళ్లు బురుజు ఎక్కి, వడిసెలలతో, నాటు తుపాకులతో తిప్పికొట్టారు. ఆ రోజు మాత్రం సాధ్యం కాలేదు. దాదాపు వంద మంది ప్రాణాలు పోయాయి. నానమ్మకు అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ ఊళ్లో ఆమెకు తెలిసిన వాళ్లుండేవారు. వాళ్ల గురించి అడిగితే చెప్పేది కాదు, లేచి వెళ్లి ఏదో పని పెట్టుకునేది. ఆ బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. ఒక్కసారి మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్లింది. దాని దగ్గర మేము ఆడబోతే మాత్రం ఆడనివ్వలేదు. ఖిలా వరంగల్‌లో ఎంత ఆడినా అడ్డు చెప్పని మనిషి.

కాబట్టి నా వరకు నియమం అదే. చేయడం, విసరడం, గురి చూడటం, కోట ఎక్కడం, ఇవన్నీ పిల్లలకు కావాలి. వాటిని తలచుకుని మురిసిపోండి. మనిషి మీదికి ఎత్తవద్దు.

దొరకడం గురించి కొంత చెప్పాలి. పాత రేకు బొమ్మలు ఇప్పుడు మామూలు దుకాణాల్లో కనబడవు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. పదునైన అంచులున్న డబ్బా రేకు తుపాకి ఆ పరీక్ష నెగ్గడం కష్టం. పాత సామాన్ల వాళ్ల దగ్గర ఒకటీ అరా దొరికితే దాచుకోవడానికి కొనండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి వాళ్లకు ఇవ్వకండి. 90లలో ఫన్‌స్కూల్ కంపెనీ మన దేశంలో తయారుచేసిన జీఐ జో సైనికుల బొమ్మలు మీ ఇంట్లో ఉంటే పారేయకండి. వాటి రంగులు అమెరికాలో వచ్చిన వాటికి భిన్నంగా ఉండటంతో విదేశాల్లో సేకరించేవాళ్లు వాటి కోసం వెతుకుతుంటారు. వడిసెల కావాలంటే పల్లెల్లో పెద్దవాళ్లను అడగండి, అల్లడం తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. తొందరగా అడగండి.

ట్యాంకు మాత్రం మీరే చేసుకోవాలి. చెక్క రీళ్లు పోయి ప్లాస్టిక్ రీళ్లు వచ్చాయి. మొన్న వేసవిలో మా అమ్మాయికి ఒకటి చేసి ఇచ్చాను. ప్లాస్టిక్ అంచుకు చాకుతో పళ్లు కోయలేకపోయాను, గచ్చు మీద పట్టు దొరక్క తిరిగిన చోటే తిరుగుతోంది. అమ్మాయి కాసేపు చూసి, వంటింట్లోకి వెళ్లి మరో రెండు రబ్బరు బ్యాండ్లు తెచ్చి, రీలు రెండు అంచులకు టైర్లలాగా తొడిగింది. ట్యాంకు కదిలింది. అమ్మ తన మిషన్ దగ్గర కుర్చీలో కూర్చుని చూస్తోంది. లేచి సొరుగు తీసి, అడుగున చాలాసేపు వెతికి, ఒక చెక్క రీలు తీసి మనవరాలి చేతిలో పెట్టింది. దాని మీద ముదురు ఆకుపచ్చ దారం ఇంకా నాలుగు చుట్లు ఉంది.